అమ్మ తొడ ఎముక వంకర

అమ్మ మోకాలి నొప్పికి అంతకుముందు ముగ్గురికి చూపించాం. అందరూ మోకాలి ఫిల్మే తీయించారు. సూర్యారావుపేటలో నాలుగో డాక్టరుగారు మాత్రం అమ్మను నిలబెట్టి, తుంటి నుంచి మడమ దాకా ఒకే ఎక్స్‌రే తీయించారు. తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు గీత గీశారు. అది మోకాలి మధ్యగా పోవాలట. అమ్మకు బాగా లోపలి పక్కకు పోయింది.

అసలు తంటా తొడలో ఉంది. 1991లో పొలం గట్టు మీద పడి తొడ ఎముక విరిగితే నాటు కట్టు కట్టించారు. అతుక్కుంది, కానీ మోకాలికి కాస్త పైన వంకరగా. ఇన్నేళ్లూ బరువంతా ఒక పక్కే పడి గుజ్జు అరిగిపోయింది. పిచ్చితల్లి, ఎడమ చెప్పు ఎప్పుడూ బయటి అంచే ఎందుకు అరుగుతుందో ఎవరం అడగలేదు.

వంకర కొద్దిగా ఉంటే, అరిగిన మోకాలి కీలు తీసి కొత్తది పెట్టేటప్పుడే అక్కడ ఎముక కోసే కోణం మార్చి సర్దుతారట. అమ్మకు అలా చేస్తే కీలును పక్కనుంచి పట్టి ఉంచే లిగమెంటు తెగే ప్రమాదం. వంకర అలాగే వదిలేస్తే కొత్త కీలు త్వరగా వదులవుతుంది. అందుకే తొడ ఎముకను వంకర దగ్గరే కోసి, నిటారు చేసి, ప్లేటు బిగించి, అదే ఆపరేషన్‌లో మోకాలూ మార్చారు. బయట నాన్న టెన్షన్‌తో మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మోకాలు మర్నాడే వంచించారు. బరువు మాత్రం ఎముక అతికేదాకా మోపొద్దన్నారు. మోకాలు మార్పించుకుని రెండో రోజే నడిచిన పక్కింటి పిన్నిని చూసి అమ్మ ఎంత బెంగపడిందో! మొన్నటి ఎక్స్‌రేలో కొత్త ఎముక కనిపించింది. నిన్న వాకర్ పట్టుకుని రెండు కాళ్లూ ఆనించింది.