చికాగోకి ఐదు వారాల ముందు ఒక హాఫ్

2023 సెప్టెంబరు 3, లేబర్ డే సెలవుల ఆదివారం. ఉదయం ఆరున్నరకే ఒళ్లంతా జిడ్డుగా ఉంది. ఇల్లినాయిలో మేముండే అరోరాకి దగ్గర్లోనే జరిగిన చిన్న హాఫ్ మారథాన్ అది, అంటే 13.1 మైళ్ల పరుగు. అక్టోబరు 8న చికాగో మారథాన్. నేను పట్టుకున్న 18 వారాల ప్లాన్‌లో ఈ హాఫ్ 13వ వారం చివర పడింది.

అంతకు ముందు రెండు హాఫ్‌లు పరిగెత్తాను కానీ ఫుల్ మారథాన్ మాత్రం చికాగోదే మొదటిది. చికాగోలో పరిగెత్తేవాళ్లని ఎంచే లాటరీలో పేరు వచ్చిందని మెయిల్ చూసిన రోజే మనసులో నాలుగు గంటలు అని రాసుకున్నాను. ఎవరూ అడగలేదు, నేనే పెట్టుకున్నాను. నాలుగు గంటల్లో ముగించాలంటే మైలుకి 9 నిమిషాల 9 సెకన్లు, అదీ 26.2 మైళ్లూ తగ్గకుండా. జూన్ నుంచి వారానికి నాలుగు రోజులు, తెల్లవారకముందే ఫాక్స్ నది ఒడ్డున ఉన్న ట్రెయిల్ మీద పరిగెత్తాను. ఖమ్మం నుంచి అమ్మ మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ, "ఎందుకే అంత దూరం, మోకాళ్లు అరిగిపోతాయి" అనేది.

మా రన్నింగ్ గుంపులో ఒక అక్క ఉంది. నాకంటే పదేళ్లు పెద్ద, చికాగో నాలుగుసార్లు పరిగెత్తింది. హాఫ్ ఎలా పరిగెత్తాలి అని మా ఇద్దరికీ వారం రోజులు చర్చ నడిచింది. మారథాన్ పేస్‌లోనే, అంటే ఫుల్‌లో పరిగెత్తాలనుకున్న వేగంతోనే పరిగెత్తి, వారం వారం చేసే లాంగ్ రన్‌గా లెక్కేసుకుంటే కాళ్లు అలిసిపోవు. ఉన్న శక్తంతా పెట్టి పరిగెత్తితే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది, కానీ తర్వాత వారంన్నర ట్రైనింగ్ నెమ్మదించాలి. చివరికి అక్కే తేల్చింది. "రేసులాగే పరిగెత్తు. ఆ తర్వాత రెండు వారాలు మాత్రం నేను చెప్పినట్టు విను." సరేనన్నాను. ఆ వారం మైళ్లు తగ్గించి, గురువారం రెండు మైళ్లు మెల్లగా తిరిగొచ్చి ఆపేశాను.

మైలుకి 9:05 చొప్పున వెళ్లాలనుకున్నాను. తుపాకీ పేలగానే జనంతో పాటు నేనూ కొట్టుకుపోయాను. మొదటి మూడు మైళ్లూ 8:50. ఊపిరి బాగుంది, కాళ్లు తేలిగ్గా ఉన్నాయి, పక్కన నది. ఈరోజు నాదే అనిపించింది. ఆ ఊపులోనే పెద్ద తప్పు చేశాను. నాలుగున్నర మైళ్ల దగ్గర తీసుకోవాల్సిన జెల్ (పరుగులో శక్తి కోసం తినే చక్కెర గుజ్జు ప్యాకెట్) తీసుకోలేదు. అలసట లేనప్పుడు ఎందుకులే అనుకున్నాను. జెల్ అలసట వచ్చాక వేసుకునే మందు కాదు. కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే ఇంధనం అడుగంటకముందే కొంచెం కొంచెంగా పోస్తూ ఉండాలి. చదువుకున్నదే, కానీ ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

ఏడో మైలుకి చెట్ల నీడ పోయి ఎండ ముఖం మీదికి వచ్చింది. పేస్ 9:20కి జారింది. అప్పుడు కంగారుగా రెండు జెల్స్ వెంటవెంటనే తినేసి, స్టాల్‌లో ఇచ్చిన రంగు డ్రింక్ తాగాను. ఆ డ్రింక్ నేను ఎప్పుడూ రుచి చూడనిది. పదో మైలు దాటేసరికి పక్కటెముకల కింద పట్టేసింది. చివరి మూడు మైళ్లు చెయ్యి నడుముకి ఆనించుకుని పరిగెత్తాను. మైలుకి పది నిమిషాలు దాటింది. నన్ను దాటి వెళ్తున్న ఒక పెద్దాయన, "ఊపిరి బయటికి గట్టిగా వదలమ్మా" అని ఇంగ్లీషులో చెప్పి వెళ్లాడు. అలా చేస్తే నిజంగానే కాస్త సడలింది. ఆయన ఎవరో తెలియదు, ఇప్పటికీ తలచుకుంటాను.

2 గంటల 3 నిమిషాల 10 సెకన్లు.

మెడల్ మెడలో వేసుకుని గడ్డి మీద కూర్చుని ఫోన్‌లో లెక్క వేశాను. రన్నర్లు వాడే ఒక పాత సూత్రం ఉంది. దూరం రెట్టింపైతే సమయం రెండు రెట్లు కాదు, దాదాపు 2.085 రెట్లు అవుతుంది. నా హాఫ్‌ని దాంతో గుణిస్తే 4 గంటల 17 నిమిషాలు వచ్చింది. మళ్లీ గుణించాను. అదే వచ్చింది. ఏడుపొచ్చింది. ఎండ లేకపోతే, ఆ డ్రింక్ తాగకపోతే అని అక్కతో వాదించాను. అక్క ఓపిగ్గా విని, "ఎండకి రెండు నిమిషాలు తీసెయ్. మిగిలింది నీదే" అంది. ఆ మాట మింగుడుపడటానికి మూడు రోజులు పట్టింది.

తర్వాత అక్క షరతు మొదలైంది. రేసులో ఎన్ని మైళ్లు పరిగెత్తామో అన్ని రోజులు స్పీడ్ వర్కౌట్ ముట్టుకోకూడదు. పదమూడు రోజులు. నాలుగో రోజుకే కాళ్లు బాగానే ఉన్నట్టు అనిపించి షూస్ తీశాను. మా ఆయన చూసి, "అక్కకి ఫోన్ చెయ్యమంటావా?" అన్నారు. మెల్లగా నాలుగు మైళ్లు తిరిగొచ్చాను, అంతే. సెప్టెంబరు 16న 20 మైళ్ల లాంగ్ రన్ మారథాన్ పేస్ కంటే మైలుకి నిమిషం పైగా నెమ్మదిగా చేశాను. ఆ రోజు గడియారం చూసి ప్రతి నలభై నిమిషాలకీ ఒక జెల్, ఆకలి ఉన్నా లేకపోయినా. చికాగోలో దారి పొడవునా ఏ డ్రింక్ ఇస్తారో కనుక్కుని అదే కొనుక్కొచ్చి తాగాను. ముందురోజు రాత్రి పెరుగన్నం, పొద్దున బ్రెడ్, అరటిపండు. పొట్ట ఒక్కసారి కూడా గొడవ చెయ్యలేదు. టార్గెట్ 4:15కి మార్చుకున్నాను, అంటే మైలుకి 9:44.

చికాగోలో ఇంకో చిక్కు ఉంది, అక్క ముందే హెచ్చరించింది. గ్రాంట్ పార్క్‌లో మొదలవగానే రోడ్డు వంతెనల కిందుగా, ఆకాశహర్మ్యాల మధ్యగా వెళ్తుంది. అక్కడ జీపీఎస్ వాచ్ తప్పుడు పేస్ చూపిస్తుంది. నిజంగానే నా వాచ్ మైలుకి ఆరు నిమిషాలని చూపించింది. దాన్ని నమ్మి ఉంటే మరీ వేగంగా పోతున్నాననుకుని అనవసరంగా నెమ్మదించేదాన్ని. దాన్ని చూడటం మానేసి, రోడ్డు పక్కన పెట్టిన మైలు బోర్డుల దగ్గర వాచ్‌లో ల్యాప్ బటన్ నా చేత్తోనే నొక్కి మైలుకి ఎంత పట్టిందో చూసుకున్నాను. పొద్దున్నే చలి, పరుగుకి ఇంతకంటే మంచి రోజు దొరకదు. మేమింకా ఉత్తరం వైపు ఉండగానే కెన్యాకి చెందిన కెల్విన్ కిప్టమ్ 2:00:35తో ప్రపంచ రికార్డు పెట్టేశాడు. ఆ రోజు అతను పరిగెత్తిన రోడ్డు మీదే నేనూ పరిగెత్తాను. నాలుగు నెలలకి అతను రోడ్డు ప్రమాదంలో పోయాడని తెలిసినప్పుడు ఇంట్లో మనిషి పోయినట్టు అయింది.

సగం దూరం 2:07:20. చైనాటౌన్ దాటాక చుట్టుపక్కల చాలామంది నడక మొదలుపెట్టారు. నా కాళ్లలో ఇంకా ఉంది. చివర్లో రూజ్‌వెల్ట్ రోడ్డు ఎత్తు ఎక్కి ఎడమవైపు తిరిగితే ఫినిష్ కనిపించింది. 4 గంటల 13 నిమిషాల 52 సెకన్లు. రెండో సగం మొదటి సగం కంటే నలభై ఎనిమిది సెకన్లు వేగంగా పరిగెత్తాను.

ఖమ్మంలో అప్పటికి రాత్రి పదకొండున్నర. ఫోన్ మొదటి రింగ్‌కే అమ్మ ఎత్తింది. రన్నర్లు ఎక్కడున్నారో మ్యాప్ మీద చుక్కగా చూపించే యాప్ తమ్ముడు పెట్టిస్తే నాలుగు గంటలుగా నా చుక్కనే చూస్తూ కూర్చుందట. "మధ్యలో ఒకచోట కదల్లేదేమే, పడిపోయావా?" అని అడిగింది. దారిలో అక్కడక్కడా పరిచిన, సమయం నమోదు చేసే టైమింగ్ మ్యాట్ తొక్కేదాకా ఆ చుక్క అంచనా మీద కదులుతుందని, అంచనా కంటే నేను నెమ్మదిగా వస్తే అక్కడే ఆగి ఎదురుచూస్తుందని చెప్పాను. "అట్లనా," అని, "సరే, ముందు ఏమన్నా తిను" అంది.