లింక్డ్‌ఇన్ కలిపిన స్నేహం

రెండేళ్లు లింక్డ్‌ఇన్‌లో ఏటికొప్పాక బొమ్మల ధరలే పెట్టాను. 2017లో జీఐ (ఆ ఊరి ప్రత్యేక సరుకని తెలిపే భౌగోళిక) గుర్తింపు వచ్చిన బొమ్మలు, అయినా ఎవరూ పలకలేదు.

వేసవిలో మా బాబాయి, లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క అద్ది, మొగలి ఆకుతో మెరుగు పెడుతుంటే వీడియో తీసి పెట్టాను. బెంగళూరులో ప్లేస్కూల్ నడిపే ఒక మేడమ్ "పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఫర్వాలేదా అండీ?" అని అడిగారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు... ఏ రంగు దేన్నుంచి వస్తుందో బాబాయిని అడిగి రాశాను. చిన్న ముక్కలున్నవి పసివాళ్లకి వద్దనీ చెప్పాను. నాలుగు నెలలు మాట్లాడుకున్నాం, ఆర్డర్ ఊసే ఎత్తలేదు.

నిన్న ఆవిడే విశాఖ వచ్చారు. బీచ్ రోడ్డులో టీ తాగుతూ 60 బొంగరాలు రాసుకోమన్నారు. బాబాయికి ఇంకా ఫోన్ చేయలేదు. రేపు వెళ్లి ఆ చీటీ చేతికే ఇస్తాను.