ఫ్రాంక్ జాపా ఆల్బమ్‌లు: తొమ్మిదో వారం

అమెరికన్ రాక్ గిటారిస్ట్, స్వరకర్త ఫ్రాంక్ జాపా పాటలు వరసపెట్టి వినాలని మొదలుపెట్టి ఇది తొమ్మిదో వారం. ఆయన బతికుండగానే అరవైకి పైగా ఆల్బమ్‌లు వచ్చాయి. 1993లో ఆయన పోయాక కూడా పాత టేపులు వెలికి తీసి విడుదల చేస్తూనే ఉన్నారు. ఇంత గుట్టలో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక నేను రెండుసార్లు బోర్లా పడ్డాను. ఎందుకైనా పనికొస్తుందని రాసి పెట్టుకుంటున్నాను.

మొదటి తప్పు, పుస్తకం చదివినట్టు మొదటి నుంచి మొదలుపెట్టడం. 1966 నాటి 'ఫ్రీక్ అవుట్' డబుల్ ఆల్బమ్. ముందు పాటలు సరదాగానే ఉన్నాయి. చివరి సైడ్ మొత్తం దరువులు, కేకలు. సగంలో ఆపేశాను. రెండో తప్పు, గ్రామీ వచ్చిందని 1986 నాటి 'జాజ్ ఫ్రమ్ హెల్' పెట్టుకోవడం. దాదాపు అంతా సింక్లవియర్ అనే కంప్యూటర్ వాద్యం మీద చేసిందే. అస్సలు కొరుకుడు పడలేదు. తర్వాత రెండు వారాలు జాపా జోలికే పోలేదు.

నాలుగో వారంలో 'హాట్ రాట్స్' (1969). అసలు మొదలు ఇక్కడే పెట్టాల్సింది. 'పీచెస్ ఎన్ రెగాలియా' మూడున్నర నిమిషాల పాట. డ్రమ్ము ఒక్కసారి దడదడలాడి ఆగగానే ట్యూన్ అందుకుంటుంది. పెద్ద బృందం వాయిస్తోందేమో అనుకున్నాను. తీరా చూస్తే ఫ్లూట్లు, క్లారినెట్, శాక్సఫోన్, పియానో, ఆర్గన్ అన్నీ ఇయాన్ అండర్‌వుడ్ ఒక్కడే. అప్పటికి కొత్తగా వచ్చిన 16 ట్రాకుల టేపు మీద పొర మీద పొరగా వాయించాడు. ఆల్బమ్ మొత్తానికి మాటలున్నది ఒక్క పాటలోనే. అది పాడింది కెప్టెన్ బీఫ్‌హార్ట్ అనే గాయకుడు. తొమ్మిది నిమిషాల పాటలో ఆయన గొంతు మొదట్లోనే అయిపోతుంది, మిగతాదంతా గిటారే.

ఒక చిన్న కిటుకు: ఇదే ఆల్బమ్‌లోని 'ది గంబో వేరియేషన్స్' నిడివి చూడండి. పదమూడు నిమిషాల లోపుంటే మీది మొదటి ఎల్పీ రికార్డు మిక్స్ (ట్రాకులన్నీ కలిపిన తీరు), పదిహేడు నిమిషాలకు దగ్గరగా ఉంటే 1987లో సీడీ కోసం మార్చిన మిక్స్. నాకు పాతదే నచ్చింది.

వినే పద్ధతి కూడా మార్చాను. వారానికి ఒక్క ఆల్బమే, రోజూ అదే. మొదటి రెండు రోజులు ఊరికే వినడం. మూడో రోజు నుంచి ఒక్క వాద్యాన్నే పట్టుకుని వెంట వెళ్లడం.

ఐదో వారం 'అపోస్ట్రఫీ' (1974) తేలిగ్గానే గడిచిపోయింది.

ఆరు, ఏడు వారాలు 'వన్ సైజ్ ఫిట్స్ ఆల్' (1975) దగ్గరే ఉండిపోయాను. మొదటి పాట 'ఇంకా రోడ్స్'లో జార్జ్ డ్యూక్ పాడుతూ కీబోర్డ్ వాయిస్తాడు, రూత్ అండర్‌వుడ్ మరింబా అనే చెక్క పలకల వాద్యం మీద పరిగెడుతుంది. బల్ల మీద వేళ్లతో తాళం వేద్దామని కూర్చున్నాను. ఎనిమిది సార్లు ప్రయత్నిస్తే ఎనిమిది సార్లూ ఒకే చోట తప్పాను. తర్వాత తెలిసిందేమిటంటే, బ్యాండ్ వాయించింది లాస్ ఏంజెలెస్‌లోని ఒక టీవీ స్టూడియోలోనట, మధ్యలో వచ్చే గిటార్ సోలో మాత్రం హెల్సింకీ కచేరీది. జాపా దాన్ని కోసి తెచ్చి ఇక్కడ అతికించాడు! ఎన్నిసార్లు విన్నా అతుకు దొరకలేదు. ఆ కచేరీ కూడా 1988లో విడిగా వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటే భలే సరదా.

ఎనిమిదో వారం 'వియ్ ఆర్ ఓన్లీ ఇన్ ఇట్ ఫర్ ద మనీ' (1968). ఇక్కడొక జాగ్రత్త. 1980లలో వచ్చిన సీడీలో బాస్, డ్రమ్స్ తీసేసి కొత్తగా వాయించినవి పెట్టారు. తెలియక మొదట అదే విన్నాను, పాత పాట మీద కొత్త రంగు పూసినట్టుంది. 1995 సీడీలో అసలుది తిరిగి వచ్చింది, అదే వెతుక్కోండి.

ఇంకొకటి, డెబ్బైల చివరి పాటలకు ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. బూతులు బాగా ఉంటాయి. కొన్ని వెటకారమని సరిపెట్టుకోవచ్చు, కొన్ని వట్టి మోటుదనం. నేనైతే వాటిని వెనకేసుకు రాను.

ఈ వారం 'జోస్ గరాజ్' (1979). ఇందులో గిటార్ సోలోలు దాదాపు అన్నీ వేరే కచేరీల నుంచి తెచ్చి అతికించినవే. 'వాటర్‌మెలన్ ఇన్ ఈస్టర్ హే' మాత్రం ఆ పాట కోసమే వాయించింది. దాని దాకా ఇంకా రాలేదు. ముందుకు దూకి వినాలని చెయ్యి లాగుతోంది కానీ, శనివారం దాకా ఆగుదామనుకుంటున్నాను.