పాత కారు ఏబీఎస్ మాడ్యూల్: విప్పి, అతికి, మళ్లీ బిగించిన వైనం

బండి 2005 నాటి డీజిల్ సెడాన్. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటే ఏబీఎస్. దాని పంపు మోటారు, వాల్వుల దిమ్మ, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె మూడూ కలిసి బానెట్ కింద ఒకే ముద్దగా ఉండే రకం. ఆ కాలపు చాలా కార్లలో ఇదే అమరిక కాబట్టి ఇక్కడ రాసేది వేరే కంపెనీ బండ్లకూ చాలావరకు పనికొస్తుంది.

పొద్దున బండి తీస్తే ఏమీ ఉండదు. పావుగంట నడిచి ఇంజిన్ వేడెక్కాక మీటర్ బోర్డు మీద పసుపు ఏబీఎస్ లైటు, దాని వెంటే ఎర్ర బ్రేక్ లైటు. పసుపు ఒక్కటే వెలిగితే చాలాసార్లు చక్రం దగ్గర వేగం కొలిచే సెన్సరు గొడవే. రెండూ కలిసి వెలిగితే మాత్రం ముందు వెనక చక్రాలకు బ్రేకు పంచే ఈబీడీ కూడా పోయిందని అర్థం. పెడల్ మామూలుగానే పనిచేస్తుంది. గట్టిగా తొక్కితే మాత్రం వెనక చక్రాలు ముందే పట్టేసి, తడి రోడ్డు మీద బండి తోక తిప్పుతుంది. అందుకే ఎర్ర లైటు వెలుగుతుండగా హైవే ఎక్కకూడదు.

కారు కంప్యూటర్లు గుర్తుపెట్టుకునే లోపాల కోడ్లు చదవడానికి ఫోన్‌కు కలిపే చవక బ్లూటూత్ స్కానర్ సరిపోదు. అవి ఎక్కువగా ఇంజిన్ కోడ్లే చూపిస్తాయి. ఏబీఎస్‌తో మాట్లాడగల స్కానర్ పెడితే వచ్చినవి రెండు: పంపు మోటారు సర్క్యూట్ లోపం, ఇంజిన్ కంప్యూటర్ నుంచి యూ0121. రెండోదానికి ‘ఏబీఎస్ పెట్టె నాతో మాట్లాడటం లేదు’ అని అర్థం. ఇది చూడగానే ‘మాడ్యూల్ పోయింది, మార్చేయండి’ అనేస్తారు. కానీ కరెంటు సరిగా అందని మంచి మాడ్యూల్ కూడా అచ్చం ఇవే కోడ్లు ఇస్తుంది.

కాబట్టి మొదట బ్యాటరీ. ఇంజిన్ ఆపి 12.4 నుంచి 12.7 వోల్టులు, స్టార్ట్ చేశాక దాదాపు 13.8 నుంచి 14.4 ఉండాలి. తర్వాత పెద్ద ఫ్యూజులు. పంపుకొకటి, వాల్వులకొకటి వేరుగా ఉంటాయి, 30 లేదా 40 ఆంపియర్లవి. ఫ్యూజు బాగుందని కంటితో తేల్చొద్దు, కాళ్లకు పచ్చ చిలుము ఉందేమో పీకి చూడాలి. మూడోది ఎర్త్ వైరు. మల్టీమీటర్ మోసం చేసేది ఇక్కడే. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. పంపు లాగితే ఆ పోగు తట్టుకోదు. మాడ్యూల్ సాకెట్ ఊడదీసి, దాని పవరు, ఎర్త్ పిన్నుల మధ్య 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు పెట్టాను. నాలుగున్నర ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. బల్బు వెలుగుతుండగా బ్యాటరీ ప్లస్ నుంచి సాకెట్ ప్లస్‌కు, బ్యాటరీ మైనస్ నుంచి సాకెట్ ఎర్త్‌కు విడివిడిగా కొలవాలి. ఒక్కోవైపు 0.2 వోల్టు దాటితే వైరే దొంగ. నా బండిలో రెండువైపులా 0.1 లోపే. ఒక జాగ్రత్త: మీటరు మొన సాకెట్‌లోకి దూర్చితే పిన్ను వెడల్పై, లేని కొత్త జబ్బు పుడుతుంది. సరిపడే సైజు పిన్నుకు వైరు కట్టుకుని వాడాలి.

సెన్సర్ల సంగతి క్లుప్తంగా. పాత కాయిల్ రకమైతే ఓమ్స్ కొలవొచ్చు, చాలావాటిలో 800 నుంచి 2000 మధ్య వస్తుంది. చక్రం తిప్పితే ఏసీ వోల్టేజీ కనిపిస్తుంది. కొత్తరకం రెండు వైర్ల యాక్టివ్ సెన్సరుకు ఓమ్స్ కొలత పనికిరాదు. స్కానర్‌లో నాలుగు చక్రాల వేగం చూస్తూ బండి నడపడమే దారి. ఈమధ్యే వీల్ బేరింగ్ మార్పించి ఉంటే బేరింగును తిరగేసి నొక్కారేమో చూడండి. అయస్కాంతపు ముఖం అవతలికి పోతే సెన్సరుకు ఏమీ అందదు.

ఇక మోటారు. దాని రెండు పిన్నుల సాకెట్ పీకి, 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా ఒకటి రెండు సెకన్లు ఇవ్వాలి, అంతకు మించి వద్దు. గుర్రుమని తిరిగింది. వైరు బాగుంది, మోటారు బాగుంది, వేడెక్కితేనే లోపం వస్తోంది. తప్పు పెట్టెలోనే.

దారులు మూడు. కొత్తది కొంటే పాత బండి రీసేల్ ధరతో పోటీ పడుతుంది. సెకండ్ హ్యాండ్ అయితే విజయవాడ ఆటోనగర్ నుంచి ఢిల్లీ మాయాపురి దాకా వెతకొచ్చు గానీ, అప్పట్లో ఏబీఎస్ టాప్ వేరియంట్లలోనే ఉండేది కాబట్టి స్క్రాప్‌లోనూ దొరకడం తక్కువ. దొరికినా పార్టు నంబరు చివరి అక్షరం దాకా కలవాలి, కోడింగ్ (పెట్టెలో ఆ బండికి తగ్గట్టు ఉండే సెట్టింగు) మార్చాలి. పైగా అదీ అదే వయసుది, అదే వేడి తిన్నది. మూడోది, ఉన్నదాన్నే బాగుచేయడం. కోడింగ్ అలాగే ఉంటుంది. నేను దీన్నే ఎంచుకున్నాను. ఏ దారైనా సరే, మాడ్యూల్ మాట్లాడుతున్నప్పుడే కోడింగ్ నంబరు, స్టిక్కరు ఫొటో తీసి పెట్టుకోవాలి.

ఈ రకంలో గొప్ప సౌకర్యం ఏమిటంటే బ్రేక్ పైపులు ముట్టుకోకుండానే ఎలక్ట్రానిక్ పెట్టె ఒక్కటే విడిగా వస్తుంది. వాల్వుల కడ్డీలు దిమ్మలో ఉండిపోతాయి, వాటిని లాగే కాయిళ్లు పెట్టెతో వస్తాయి. బ్రేక్ ఆయిల్ చుక్క కారదు, గాలి తీసే పని లేదు. బ్యాటరీ మైనస్ తీసి కొన్ని నిమిషాలు ఆగాక పెద్ద సాకెట్ లాక్ పైకెత్తి లాగాను. తర్వాత మోటారు సాకెట్, ఆపైన నక్షత్రం గాడి ఉండే టార్క్స్ స్క్రూలు. అసలు కష్టం చోటుదే. స్క్రూడ్రైవర్ దూరదు, చిన్న బిట్‌ను రాచెట్ పానాకు తగిలించి పావు పావు మలుపు తిప్పాల్సిందే. ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచితే తల అరగదు. స్క్రూలు వచ్చాక పెట్టెను తిప్పకుండా, మెలిపెట్టకుండా, తిన్నగా వెనక్కి లాగాలి. ఒక పక్కే లేపితే వాల్వు కడ్డీ కాయిల్‌లో ఇరుక్కుని దాని కాళ్లు తెగుతాయి. రాగానే దిమ్మ మీద శుభ్రమైన ప్లాస్టిక్ కవరు కట్టాను.

పెట్టె లోపలివైపు తడి ఉందా అన్నది ఇప్పుడే చూడాలి. బ్రేక్ ఆయిల్ తగిలితే దిమ్మ సీలు కారుతోందన్నమాట, అప్పుడు పెట్టె ఒక్కటే బాగుచేయడం దండగ, దిమ్మా మార్చాలి. అది వేరే పని. పైపు నట్లకు మామూలు పానా కాదు, నట్టును చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ పానా కావాలి. విప్పేముందు పెడల్‌ను ఓ కర్రతో కాస్త నొక్కి ఉంచితే మాస్టర్ సిలిండర్ రంధ్రాలు మూసుకుని ఆయిలు కారడం ఆగుతుంది. చివర్లో లీటరు దాకా కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిలు, స్కానర్‌తో పంపు తిప్పుతూ గాలి తీయడం. పెడల్ మాత్రమే తొక్కి తీస్తే దిమ్మలో గాలి మిగిలి పెడల్ స్పాంజిలా ఉంటుంది. నా పెట్టె పొడిగా ఉంది.

మూతకు స్క్రూలుండవు, అతికేసి ఉంటుంది. అతుకు గీత వెంట సన్నని రంపపు బిళ్లతో రెండు మిల్లీమీటర్ల లోతు మించకుండా కోశాను, లోతు పోతే బోర్డు తెగుతుంది. లోపల కనిపించేదాన్ని బట్టే తర్వాతి పని. తెల్లని సెరామిక్ పలక, దాని మీద జిగురులాంటి జెల్, వెంట్రుకల్లా అల్యూమినియం తీగలు కనిపిస్తే అక్కడే ఆగాలి. ఆ తీగలు అల్ట్రాసోనిక్‌గా అతికినవి, సోల్డరు పట్టదు. ఆ యంత్రం ఉన్న రిపేరు వాళ్లకు పంపడమే మార్గం. నాది మామూలు పచ్చ బోర్డు. పది రెట్ల భూతద్దంలో మోటారు పిన్నుల చుట్టూ, పెద్ద సాకెట్ పవరు పిన్ను చుట్టూ ఉంగరంలా సన్నని పగులు. ఇంజిన్ వేడికి సాగడం, చల్లారి ముడుచుకోవడం, పైన పంపు అదురు. ఏళ్ల తరబడి ఇదే తంతు. వేడెక్కినప్పుడు ఆ పగులు విచ్చుకుంటుంది.

పగులు మీదే కొత్త సోల్డరు పూస్తే నెలలు కూడా నిలవదు. పాతది రాగి జాలీతో పీల్చేసి, పిన్ను శుభ్రం చేసి, సోల్డరు బాగా పట్టేందుకు ఫ్లక్స్ రాసి, 63/37 (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) సోల్డరు 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో, వెడల్పు మొనతో, 360 డిగ్రీల దగ్గర పెట్టాను. పిన్ను లావు కాబట్టి సన్న మొన వేడి అందించలేదు. పగులు కనిపించని పెద్ద పిన్నులకూ అదే చేశాను, మళ్లీ కోసే ఓపిక ఎవరికి? ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, మూత అంటించకుండానే బండికి పెట్టి కోడ్లు పోయాయని చూసుకున్నాకే సీలు చేశాను. సిలికాన్ న్యూట్రల్ క్యూర్ రకం కావాలి. వెనిగర్ వాసన కొట్టేది ఆమ్లం వదిలి రాగిని తినేస్తుంది. పెట్టెకు గాలి పీల్చే చిన్న పొర ఉంటే దాని మీద సిలికాన్ పడకూడదు. 24 గంటలు ఆరనిచ్చాను.

బిగించేటప్పుడు స్క్రూలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా. దిమ్మ అల్యూమినియం, మరలు తేలిగ్గా పోతాయి. కోడ్లు చెరిపి కదిలితే, 20 కిలోమీటర్ల వేగం దాటేసరికి పంపు ఒక్క క్షణం గుర్రుమంది. తనను తాను పరీక్షించుకునే చప్పుడది, రెండు లైట్లూ ఆరాయి. ఖాళీ మట్టి రోడ్డు మీద 40లో గట్టిగా తొక్కితే పెడల్ కాలి కింద దడదడలాడింది. అరగంట ఎండలో తిప్పి, ఇంజిన్ కాగుతుండగానే మళ్లీ స్కాన్ చేశాను. లైటు వెలిగేది ఆ వేడిలోనే కాబట్టి చల్లని బండిలో చేసిన స్కాన్‌ను లెక్కలోకి తీసుకోలేదు. కోడ్లు లేవు.