శ్రీలంక రోడ్లు, మన నీళ్లు

శ్రీలంక చూసి వచ్చినప్పటి నుంచి మా మిర్యాలగూడలో అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కడి రోడ్లు మనకన్నా బాగున్నాయా?"

బాగున్నాయి. కొలంబో నుంచి గాలే వైపు దక్షిణ ఎక్స్‌ప్రెస్‌వే మీద బస్సు కుదుపు లేకుండా సాగింది. తిరుగు ప్రయాణంలో రైలెక్కితే మాత్రం డీజిల్ పొగ. అక్కడి పట్టాలకు ఇంకా కరెంటు లేదు. మా పగిడిపల్లి-నడికుడి మార్గానికి ఉంది, రెండో లైనుకే తిప్పలు! హంబన్‌తోటలో అప్పు తెచ్చి కట్టిన రేవును 2017లో చైనా సంస్థకు 99 ఏళ్ల లీజుకిచ్చారు. 2022లోనైతే ఇంటింటికీ కరెంటు తీగ ఉంది, ఇంధనం కొనడానికి డాలర్లు లేవు. రోజుకు 13 గంటల దాకా కోత.

నన్ను నిలబెట్టేసింది అనురాధపురం. అక్కడి బావుల్లోనూ ఫ్లోరైడే! శుద్ధి చేసిన నీళ్ల కోసం వరుసగా పెట్టిన డబ్బాలు చూడగానే ఫ్లోరైడ్ నీళ్లతో నలిగిన మా నల్గొండ జిల్లా మర్రిగూడ గుర్తొచ్చింది. మనకు కృష్ణా నీళ్లు వచ్చాయి కాబట్టి సరిపోయింది. దేశాలను పోల్చే పట్టికల్లో రేవులకూ రహదారులకూ ఉన్నంత చోటు బిందెకు ఎందుకుండదో!

తర్వాత బంగ్లాదేశ్ వెళ్లాలనుంది. 6.15 కిలోమీటర్ల పద్మా వంతెన చూస్తాను సరే, గొట్టపు బావుల్లో ఆర్సెనిక్ సంగతి కూడా అడిగి వస్తాను.