పోలో బూస్ట్ లాగ్: దారిలో తప్పిపోయిన 7 గుర్రాలు

మొదటి ఆదివారం

కారు పోలో జీటీ, 1.2 టీఎస్ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్, 7 స్పీడ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. కంపెనీ లెక్క ప్రకారం 5000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 105 పీఎస్, అంటే అన్ని గుర్రాల పవర్, 1500 నుంచి 4100 వరకు 175 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఊళ్ళో నడిపితే ఏ తేడా తెలియదు, సిగ్నల్ పడగానే ఎప్పటిలాగే దూకుతుంది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి లారీని దాటబోతే మాత్రం 4000 పైన ఊపిరి అందనట్టు ఉంటోంది. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు.

కారు కంప్యూటర్ అంకెలు ఫోన్‌కి పంపే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ పెట్టి మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి) రికార్డు చేశాను. ఫోన్లో కనిపించేది అబ్సల్యూట్ ప్రెషర్. ఇంజిన్ ఆపి ఉన్నా హైదరాబాద్‌లో 95 కిలోపాస్కల్ చూపిస్తుంది, అది బయటి గాలిదే. విజయవాడలో అయితే 100 దగ్గర ఉంటుంది. కాబట్టి 168 కనిపిస్తే అసలు బూస్ట్ (టర్బో అదనంగా పెంచిన ఒత్తిడి) 73, అంటే 0.73 బార్, దాదాపు పదిన్నర పీఎస్ఐ. పోయినేడాది ఈ సంగతి తెలియక 1.68 బార్ అని వాట్సాప్ గ్రూపులో పెట్టి నవ్వులపాలయ్యాను. ఆ లాగ్ దాచుకోవడం మాత్రం ఇప్పుడు పనికొచ్చింది.

2200 ఆర్‌పీఎం: అప్పుడు 168, ఇప్పుడు 165.
5000 ఆర్‌పీఎం: అప్పుడు 149, ఇప్పుడు 128.

కింద 3 పోతే పైన 21 పోయింది. టార్క్‌ను ఆర్‌పీఎంతో హెచ్చించి 7023తో భాగిస్తే పీఎస్ వస్తుంది. 2200 దగ్గర 175 టార్క్ ఉన్నా వచ్చేది 55 పీఎస్సే. 5000 దగ్గర టార్క్ 147కి పడిపోయినా 105 వస్తుంది. "నాది ఇంత బూస్ట్ కొడుతుంది" అని చెప్పుకునే పీక్ నంబర్ సాధారణంగా కింద ఆర్‌పీఎంలో వచ్చేది. గుర్రాలు కావాలంటే పైన ఎంత మిగిలిందో చూడాలి. చిన్న టర్బోకి అక్కడ అసలే దమ్ము తక్కువ. ఎక్కడన్నా గాలి లీకైతే, కింద ఆర్‌పీఎంలో వేస్ట్‌గేట్ (పొగను టర్బో పక్కనుంచి వదిలేసే తలుపు) ఇంకాస్త మూసి ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, సర్దేస్తుంది. పైన సర్దడానికేమీ ఉండదు.

రెండో ఆదివారం

లీకు వెతకడానికి పీవీసీ మూతకి ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్ బిగించి, ఎయిర్ ఫిల్టర్ తర్వాతి పైపుకి తగిలించాను. వీధి చివర పంక్చర్ షాపతని కంప్రెసర్ నుంచి గాలి. 0.5 బార్ దాటనివ్వలేదు, ఎక్కువైతే ఆయిల్ సీళ్ళకు ముప్పు. సబ్బు నీళ్ళు చల్లితే టర్బో నుంచి థ్రాటిల్ బాడీకి (ఇంజిన్‌లోకి గాలి వదిలే కవాటం) వెళ్ళే పైపు మొదట్లో బుడగలు. మూడు నెలల కింద ఆ పైపు విప్పి శుభ్రం చేసింది నేనే. గాలి పోకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ మెలికపడి నలిగిపోయింది. ఎవరినీ తిట్టడానికి లేకుండా పోయింది.

మూడో ఆదివారం

కొత్త ఓ-రింగ్. ఉదయం ఐదున్నరకి ఓఆర్ఆర్ మీద, ఫోన్ బావమరిది చేతిలో. థర్డ్ గేర్ లాక్ చేసి 60 నుంచి 100 కిలోమీటర్ల వేగం వరకు. ఎత్తుపల్లాల తేడా పోవాలని రెండు వైపులా మూడేసి సార్లు. సగటు 6.4 సెకన్లు, లీకుతో తీసినప్పుడు 7.2. నాతో, బావమరిదితో, పెట్రోలుతో కలిపి బండి బరువు 1,200 కేజీలు అనుకుంటే, వేగం పెంచడానికే ఖర్చయిన సగటు పవర్ 56 పీఎస్ నుంచి 63కి చేరింది. గాలి నిరోధం, గేర్‌బాక్స్ నష్టం ఇందులో లేవు. 5000 దగ్గర మళ్ళీ 149.

అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంకోసారి తీశాం. ప్రెషర్ అదే 149, టైమ్ 6.8. పొద్దున 38 డిగ్రీలున్న ఇంటేక్ గాలి 61కి చేరింది. వేడి గాలి పలచన, అంత ప్రెషర్‌లోనూ ఆక్సిజన్ దాదాపు 7 శాతం తక్కువ. పైగా నాకింగ్ (సిలిండర్లో పెట్రోలు తనంతట తానే పేలడం) రాకుండా ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగింది, అంటే స్పార్క్ ఆలస్యం చేసింది. ఒక్క బూస్ట్ నంబర్ చూసి పవర్ చెప్పేవాళ్ళని నేనైతే నమ్మను.

రీమ్యాప్ (ఈసీయూ ప్రోగ్రామ్ మార్చి టార్క్, పవర్ పెంచడం) చేయించమని గ్రూపులో పోరు. ఈ డ్రై క్లచ్ డీఎస్‌జీ టార్క్ పరిమితి 250 న్యూటన్ మీటర్లు. నగరం ట్రాఫిక్‌లో రోజూ పాకే బండికి ఆ అంచుదాకా వెళ్ళే ధైర్యం నాకు లేదు. వచ్చే వారం కొత్త స్పార్క్ ప్లగ్‌లు వేసి, నాకింగ్‌ని ఎక్కువ తట్టుకునే 95 ఆక్టేన్ పెట్రోలుతో మళ్ళీ మధ్యాహ్నం ఒంటిగంటకే తీస్తాను. ఈసారి ఈసీయూ టైమింగ్ ఎంత వెనక్కి లాగుతుందో పోల్చాలి.