పక్క బండి వేగం, నా బండికి చలాన్

ట్రాఫిక్ చలాన్ వస్తే మనలో ఎక్కువమంది తిట్టుకుని కట్టేస్తారు. కొంతమంది తిట్టుకుని వదిలేస్తారు, ఎప్పుడో ఒకప్పుడు రాయితీ ఇవ్వకపోతారా అని. మూడో దారి కూడా ఉంది: ఈ తప్పు నాది కాదు అని చెప్పి తీయించుకోవడం. ఆ దారి ఎటు మొదలవుతుందో చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి నేను పడ్డ తంటా ఇక్కడ రాస్తున్నాను.

2023 నాటి సంగతి. మా కారు అమ్మకానికి పెట్టాం. కొనేది మా ఆఫీసు కుర్రాడే. పేరు మార్పిడికి కాగితాలు సర్దుతుంటే ఫోనుకి మెసేజ్ వచ్చింది. అతివేగం, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 183, వెయ్యి రూపాయలు. 60లో పోవాల్సిన చోట 92లో పోయానట.

ముందు ఆ మెసేజ్ అసలుదో కాదో చూసుకున్నాను. రవాణా శాఖ సైటు పేరుని పోలిన నకిలీ లింకులు అప్పటికే జనానికి వెళ్తున్నాయి. తర్వాత తర్వాత ఏకంగా ఫోనులో దొంగ యాప్ ఎక్కించే ఏపీకే ఫైళ్లు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్నారు. అందుకని లింకు నొక్కలేదు. చివర గవ్ డాట్ ఇన్ ఉన్న పరివాహన్ ఈ-చలాన్ సైటు నేనే తెరిచి బండి నంబరు కొట్టి చూశాను. చలాన్ ఉంది, ఫొటో ఉంది, ఫొటోలో మా కారే ఉంది. రోడ్డూ, రోజూ, సమయమూ అన్నీ సరిపోయాయి. ఒక్క వేగం తప్ప.

ఆ రోజు వెనక సీట్లో మా అమ్మ ఉంది. కంటి ఆపరేషన్ అయ్యాక చెకప్‌కి తీసుకెళ్తున్నాను. ఆవిడ కారులో ఉంటే 92 నేను పోనివ్వడం మాట అటుంచి, ఆవిడ పోనివ్వదు. యాభై దాటిందంటే వెనకనుంచి దేవుళ్ల పేర్లు మొదలవుతాయి. కానీ అమ్మ స్తోత్రాలు సాక్ష్యంగా పనికిరావు కదా. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీసి, ఆ చోటుకి అటూ ఇటూ ఉన్న రెండు టోల్ ప్లాజాల మధ్య పట్టిన సమయం లెక్కేశాను. సగటు యాభైకి అటూ ఇటూగా తేలింది. ఇది కూడా గట్టి సాక్ష్యం కాదని తర్వాత నాకు మొహం మీదే చెప్పారు. నిజమే, సగటు యాభై వచ్చిన ప్రయాణంలో కూడా ఒక నిమిషం పాటు 92లో పోయి ఉండొచ్చు.

ఆర్టీవో ఆఫీసు బయట కూర్చునే ఏజెంటు సలహా ఒక్క ముక్కలో తేల్చేశాడు. "వెయ్యికి చూసుకుంటే ఎలా సార్, కట్టి పారేయండి, రేపే ట్రాన్స్‌ఫర్ పెట్టేద్దాం." అతని లెక్కలో తప్పులేదు. చలాన్ పెండింగులో ఉంటే బండి పేరు మారదు. పేరు మారకపోతే డబ్బు రాదు. ఈ-చలాన్ బలమంతా ఈ మెలికలోనే ఉంది. నేరం చేశావని ఎవరూ రుజువు చేయనక్కర్లేదు, నీ మిగతా పని ఆపితే చాలు, నువ్వే వచ్చి కడతావు. పైగా కట్టడం అంటే చట్టం ప్రకారం రాజీ రుసుము చెల్లించి కేసు ముగించుకోవడం. ఆ తర్వాత "నేను చేయలేదు" అంటే వినే నాథుడుండడు.

కుర్రాడితో చెప్పాను, కాస్త ఆగమని. "ఫర్వాలేదు సార్, తీయించుకోండి. ఎలాగో నాక్కూడా చెప్పండి, నా బైకు మీద రెండున్నాయి" అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని రూల్సు చదివాను. 2019 సవరణతో చట్టంలోకి సెక్షన్ 136ఏ వచ్చింది, ఎలక్ట్రానిక్ నిఘా గురించి. దానికింద 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఏ చేర్చారు. వాహనం నడిపే ప్రతివాడూ ఒకసారి చదవాల్సిన నియమం ఇది. స్పీడ్ కెమెరా, సీసీటీవీ, స్పీడ్ గన్, పోలీసు ఒంటి మీది కెమెరా, అన్నీ దీని కిందికే వస్తాయి. పరికరానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా కొత్తది చేయించాలి. నిఘా ఉన్న దారికి ముందే హెచ్చరిక బోర్డు కనబడేలా పెట్టాలి. నేను చదివినప్పటి నియమం ప్రకారం, నేరం జరిగిన పదిహేను రోజుల్లోపు నోటీసు పంపాలి. చలాన్‌తో పాటు నేరమూ నంబరు ప్లేటూ స్పష్టంగా కనిపించే ఫొటో, పరికరం చూపిన కొలత, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షనో చెప్పే నోటీసు ఇవ్వాలి. వీటికి తోడు సాక్ష్యాధార చట్టం 65బీ(4) కింద ధ్రువపత్రం కూడా జతచేయాలి. కంప్యూటర్ నుంచి వచ్చిన సాక్ష్యానికి ఒకరు బాధ్యత వహిస్తూ సంతకం పెట్టే కాగితం అది. 2024 జులై నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, అందులో దీనికి సాటి సెక్షన్ 63(4).

నా నోటీసు గడువులోపే వచ్చింది, ఆ విషయంలో పేచీ లేదు. 65బీ ధ్రువపత్రం మాత్రం లేదు. ఫొటో అయితే మా కారు ముందుభాగం మట్టుకు కత్తిరించి పెట్టింది. దాంట్లో ప్లేటు తప్ప ఇంకేమీ తెలియడం లేదు.

సైటులోనే ఫిర్యాదు పెట్టే చోటు ఉంది. చలాన్ నంబరు, ఫోన్ నంబరు ఇచ్చి, పూర్తి ఫొటో, పరికరం ధ్రువపత్రం కావాలని రాశాను. కొన్నాళ్లకి ఫిర్యాదు మూసేశారు. పరిశీలించాం, చలాన్ సరిగ్గానే ఉంది అన్న ఒక్క వాక్యం జవాబు. ఎవరు పరిశీలించారో, ఏం చూశారో లేదు. నేను అడిగిన కాగితాల ఊసే లేదు.

ఇక మనిషిని పట్టుకోవాల్సిందే అనుకుని ఈ-చలాన్ విభాగానికి వెళ్లాను. అక్కడి కానిస్టేబుల్ మర్యాదస్తుడే. రోజంతా ఇలాంటి మొహాలే చూసి విసిగిపోయి ఉన్నాడు, అంతే.

"సార్, మెషీన్ అబద్ధం చెప్పదు కదా."

"మెషీన్ తప్పని నేననట్లేదండీ. అది ఏ బండిని కొలిచిందో చూద్దామంటున్నాను."

"ఫొటోలో మీ బండే ఉంది కదా సార్. కాదంటే కోర్టుకెళ్లండి."

కోర్టు దారి కూడా ఉంది మరి. ఆన్‌లైన్‌లోనే నడిచే వర్చువల్ కోర్టుకి చేరిన చలాన్ అయితే జరిమానా కట్టడమా, కేసు వాదించుకుంటానని చెప్పడమా అని రెండు దారులు చూపిస్తుంది. రెండోది ఎంచుకుంటే కేసు మామూలు కోర్టుకి వెళ్తుంది. వెయ్యి రూపాయల కోసం ఒక పూట పని మానుకుని, వాయిదాలకి తిరిగి, లాయరుని పెట్టుకునేది ఎవరు? నెలజీతగాడికి సెలవుంది, ఆటో నడిపేవాడికి అదీ లేదు. అతను న్యాయం కోసం ఒక పూట నిలబడ్డాడంటే ఆ పూట సంపాదన పోయినట్టే. అందరికీ ఒకే జరిమానా అనేది పైకి సమానంగా కనిపిస్తుంది. ఫిన్లాండులో అతివేగానికి జరిమానా ఆదాయాన్ని బట్టి వేస్తారు. నా గొడవ నడుస్తున్న ఆ 2023లోనే అక్కడ 50 పరిమితి ఉన్నచోట 82లో పోయిన ఒక కోటీశ్వరుడికి 1,21,000 యూరోలు పడింది. మనకి అది రావాలని నేననను, ఆదాయం లెక్క తేల్చడమే మనదగ్గర పెద్ద ప్రహసనం. కానీ చలాన్‌ని ప్రశ్నించే ఖర్చు చలాన్ కంటే ఎక్కువైతే, ప్రశ్నించే హక్కు ఉన్నా లేనట్టే.

నేను కాగితం మీద అర్జీ రాసి ఇచ్చాను. 167ఏ పేరు పెట్టి, దాంట్లోని ఒక్కో అంశానికి ఎదురుగా నాకేం ఇవ్వలేదో రాశాను. రెండో ప్రతి మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకున్నాను. ఈ స్టాంపు దగ్గర కాస్త మొండిగా ఉండాలి. "ఇచ్చి వెళ్లండి, చూస్తాం" అంటారు. స్టాంపు పడని అర్జీ ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. అదేరోజు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు కూడా పెట్టాను. ఆ రోజు ఆ చోట వాడిన స్పీడ్ గన్ ధ్రువపత్రం ప్రతి, హెచ్చరిక బోర్డు ఎక్కడుందో ఆ వివరం, ఇవి రెండే అడిగాను. ఆవేశపడి పాతిక ప్రశ్నలు వేస్తే పాతికకీ సగం సగం జవాబులు వస్తాయి.

అర్జీ మీద పిలుపు వచ్చింది. ఈసారి ఇన్‌స్పెక్టరుగారు కూర్చోబెట్టారు. ఫాస్టాగ్ లెక్క చూసి "ఇది సగటు అండీ, ఆ క్షణం వేగం కాదు" అన్నారు. ఒప్పుకుని, పూర్తి ఫొటో చూపించమన్నాను. సిస్టంలో తెరిచారు.

ఈ లేజర్ స్పీడ్ గన్ ఎలా పనిచేస్తుందో ఇక్కడ చెప్పాలి. కంటికి కనబడని కాంతి తునకల్ని బండి మీదికి వదులుతుంది, అవి కొట్టుకుని వెనక్కి రావడానికి పట్టే సమయాన్ని బట్టి దూరం కడుతుంది. సెకనులో చిన్న భాగంలోనే ఇలా వందసార్లకు పైగా చేసి, ఆ దూరం ఎంత తొందరగా తగ్గుతోందో చూసి వేగం చెబుతుంది. కాంతిపుంజం దూరం వెళ్లేకొద్దీ విప్పారుతుంది. మూడు వందల మీటర్ల దగ్గర సుమారు మూడడుగుల వెడల్పు అవుతుంది. అంటే ఒక సమయంలో ఒక బండినే కొలవగలదు. కానీ ఫొటో తీసే కెమెరా చూపు చాలా వెడల్పు, రెండు మూడు బండ్లు పడతాయి. ఏది కొలిచిందో చెప్పడానికి ఫొటో మీద ప్లస్ గుర్తులా గురి కనిపిస్తుంది.

పూర్తి ఫొటోలో మా కారు ఎడమ వరుసలో ఉంది. కుడి వరుసలో, మాకు కొంచెం ముందు, ఒక తెల్ల వ్యాను. గురి ఆ వ్యాను ముందు అద్దం మీద ఉంది. దాని నంబరు ప్లేటు వంగిపోయి అక్షరాలు కనబడటం లేదు. మా ప్లేటు అద్దంలా ఉంది. ఎవరో కూర్చుని ఫొటోలోంచి చదవగలిగిన నంబరు ఎక్కించేశారు, తర్వాత ఆ నంబరు చుట్టూ కత్తిరించిన ముక్క సైటులో పెట్టారు. గురి గుర్తు ఆ కత్తిరింపులోనే పోయింది. నంబరు ప్లేటు శుభ్రంగా పెట్టుకున్నవాడికి పడిన శిక్ష ఇది.

ఇన్‌స్పెక్టరుగారు ఫొటో పెద్దది చేసి చూసి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కానిస్టేబుల్‌ని పిలిచి రద్దుకి పెట్టమన్నారు. రాతపూర్వకంగా ఉత్తర్వు కావాలంటే "సైటులో పోతుంది కదండీ" అన్నారు. అడిగితే చివరికి నా అర్జీ ప్రతి మీదే "తప్పు నమోదు, రద్దు" అని రాసి సంతకం పెట్టారు. అది ఫోల్డరులో దాచాను. సైటులోంచి పోయింది మళ్లీ రాదని నమ్మకమేముంది? కారు పేరు మార్పిడి ఆ తర్వాత సాఫీగా అయిపోయింది.

నేను కెమెరాలకి వ్యతిరేకిని కాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. ఆ మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోవే, కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. ఆ తెల్ల వ్యానుని ఆపాల్సిందే. కానీ ఆ రోజు జరిగిందేమిటి? 92లో పోయినవాడికి ఏమీ కాలేదు, పోనివాడు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. రాయితీల తీరు కూడా నాకు మింగుడు పడదు. తెలంగాణలో 2022లో పాత చలాన్ల మీద బైకులకి 75 శాతం, కార్లకి 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో బైకులకి 80, కార్లకి 60. మెసేజ్ రాగానే కట్టినవాళ్లకి మాత్రం పైసా వెనక్కి రాలేదు. ఖజానాకి డబ్బు వస్తుందేమో కానీ, జనానికి దీనివల్ల అబ్బే అలవాటు ఒక్కటే: ఆగడం. చట్టంలో ఇంకో సెక్షన్ ఉంది, 210బీ. చట్టాన్ని అమలు చేసే అధికారే దాన్ని ఉల్లంఘిస్తే జరిమానా రెట్టింపు. అది పడిన చలాన్ నేనైతే ఇంతవరకు కళ్లతో చూడలేదు.

ఆర్టీఐ జవాబు కారు చేయి మారాక వచ్చింది. స్పీడ్ గన్ ధ్రువపత్రం పక్కాగా ఉంది, ఆ తేదీకి చెల్లుబాటులోనే ఉంది. మెషీన్ అబద్ధం చెప్పదని కానిస్టేబుల్ అన్నమాట నిజమే. హెచ్చరిక బోర్డు ఎక్కడుందో కిలోమీటరు రాయి నంబరుతో సహా ఇచ్చారు. అటు వెళ్లే పని పడినప్పుడు ఆగి చూశాను. బోర్డు ఉంది, కొత్తదే. అయితే గన్ పెట్టే చోటు దాటాక ఉంది. దాని మీద ఇంకో అర్జీ ఇచ్చాను, స్టాంపుతో సహా. మా ఆఫీసు కుర్రాడు తన బైకు చలాన్లకి పూర్తి ఫొటోలు అడిగాడు. ఒకటి అతనిదే, కట్టేశాడు. రెండోదాని ఫొటో ఇంకా ఇవ్వలేదు.